గోడ మీద నా ఫోటో

ఆదివారం మధ్యాహ్నం అక్క వాళ్లింటికి వెళ్లేసరికి దాని కూతురు కుట్టు మిషను పక్కన బల్ల మీద గళ్ల కాగితం పరిచి, స్కేలు పెట్టి గీతలు గీస్తోంది. పదిహేడేళ్లకే దానికి ప్రతిదీ లెక్కే. సబ్బు ఎన్ని రోజులొచ్చిందో కూడా రాసిపెట్టుకునే రకం. అందుకే ఇంట్లో అందరం దాన్ని లెక్కలమ్మ అంటాం. మర్నాడు పొద్దున దాని ఫార్మసీ చదువు అప్పుకి అక్క బ్యాంకులో హామీ సంతకం పెట్టాలి. ఆలోగా నేనొకసారి లెక్క చూసి సరేననాలట. ఈ ఇంట్లో ఆ చదువు చదివింది నేనొక్కదాన్నే మరి.

"కూర్చో పిన్నీ. తప్పులుంటే మొహమాటపడకు," అంది లెక్కలమ్మ. "నాలుగేళ్ల ఫీజు, హాస్టలు కలిపి తొమ్మిది లక్షలు. నెలకి పద్నాలుగు వేల చొప్పున ఎనిమిదేళ్లు కట్టాలి."

"జీతం ఎంత వేశావ్?"

"నీదే వేశా. నలభై రెండు వేలు. పద్నాలుగు పోతే ఇరవై ఎనిమిది మిగులుతుంది. ఇంటర్నెట్‌లో ఒక్కోడు ఒక్కోటి రాశాడు. నువ్వుండగా వాళ్లని నమ్మడం ఎందుకు?"

నిజానికి నా జీతం ఇరవై ఆరు వేలు. ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని మందుల కౌంటర్లో రోజుకి తొమ్మిది గంటలు నిలబడితే వచ్చేది అంతే. అందులోంచి నా చదువు అప్పు వాయిదా, ఇంటద్దె పోగా మిగిలేది చెప్పుకుంటే సిగ్గుచేటు. మిగతా పదహారు వేలు ఒక మందుల షాపువాడు ఇస్తాడు. ఫార్మసీ చదివినవాళ్లు ఉంటేగాని షాపు తెరవకూడదు. వాడు చదవలేదు, చదివినవాళ్లని పెట్టుకుని జీతమివ్వడం దండగనుకున్నాడు. నా సర్టిఫికెట్‌కి ఫోటోతో సహా ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నాడు. తనిఖీ ఉందని ఫోన్ చేసిన రోజు తెల్లకోటు వేసుకుని వెళ్లి కాసేపు కూర్చుని వస్తాను. మా బ్యాచ్‌లో సగం మంది చేసే పనే ఇది. అందరూ చేస్తున్నారు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని మూడేళ్లయింది.

"లెక్క బాగానే ఉంది," అన్నాను. ఆ మాట అన్నందుకు నా నోటికి తాళం వెయ్యాలి.

అక్క మంచినీళ్లు తేవడానికి లేచి, తూలి, మిషను పట్టుకుని నిలబడింది.

"ఏమైందే?"

"ఏం లేదు. పది రోజులుగా ఇంతే, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. వంగి కుట్టీ కుట్టీ మెడ పట్టేసినట్టుంది."

"టైముకి తినవు, మెడ మీదికి తోస్తావు! బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అసలు?"

"ఒక్కరోజు మానలేదు." గుండీల డబ్బాలోంచి మాత్రల షీటు, దానితోపాటు మడతపెట్టిన డాక్టరు చీటీ తీసి ఇచ్చింది.

చీటీలో ఐదు మిల్లీగ్రాములు. షీటు మీద పది. పది రోజులుగా నా అక్క రెట్టింపు మందు మింగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏ గుడ్డివాడిచ్చాడిది? చీటీ చదవడం రానివాడికి షాపెందుకు? మందులు తెలిసినవాళ్లు ఒక్కరైనా లేరా అక్కడ?"

అక్క నా మొహంలోకి అయోమయంగా చూసింది. "నువ్వున్నావుగా!"

"నేనా?"

"బస్టాపు పక్క షాపు. గోడ మీద నీ ఫోటో, నీ సర్టిఫికెట్టు చూశా. సాయంత్రాలు అక్కడ కూడా చేస్తున్నావనుకున్నా. ఒళ్లు హూనం చేసుకుంటున్నావని తిడతానని చెప్పలేదేమోలే అని నేనూ అడగలేదు. మా చెల్లెలున్న షాపని రెండు బస్టాపులు దాటి వెళ్లి మరీ కొనుక్కొస్తున్నా."

లెక్కలమ్మ పెన్సిలు ఎత్తింది. "అయితే నలభై రెండూ రెండు చోట్లదా పిన్నీ? అక్కడెంత ఇస్తారు?"

"పదహారు."

"రోజుకి ఎన్ని గంటలు చేస్తావక్కడ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మూడు గంటలంటే చాలు, అది కాగితం మీద రాసుకుంటుంది, అక్క రేపు సంతకం పెడుతుంది, నా పరువు నిలుస్తుంది. కానీ ఆ షీటు నా చేతిలోనే ఉంది.

"సున్నా," అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ అక్క వైపు చూడలేకపోయాను. అక్కడే షాపువాడికి ఫోన్ చేసి, రేపు పొద్దున వచ్చి సర్టిఫికెట్ తీసుకెళ్తానన్నాను. వాడు నెల మధ్యలో ఇదేం పద్ధతంటూ ఏదో అరుస్తుంటే పెట్టేశాను. వచ్చే నెల నుంచి వాయిదా ఎలా కట్టాలో నాకే తెలియదు. కట్టకపోతే బ్యాంకువాళ్లు ముందు ఫోన్ చేసేది అక్కకే. నా అప్పుకీ హామీ సంతకం దానిదే.

లెక్కలమ్మ నలభై రెండు కొట్టేసి ఇరవై ఆరు రాసింది. కింద ఇరవై ఎనిమిది కొట్టేసి పన్నెండు రాసింది. కాగితం నాలుగు మడతలు పెట్టింది.

"రేపు బ్యాంకుకి వద్దులే అమ్మా. ముందు నేను ఇంకోసారి చూసుకోవాలి," అంది. లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

అక్క తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే ఏడ్చి బయటపడేదాన్ని. అది కుర్చీలో మెల్లగా కూర్చుని, తల పట్టుకుని, నా చేతిలోని షీటు వైపు చూసింది.

"సర్లే. ఇంతకీ ఇవాళ నన్నేం వేసుకోమంటావు? నాకేం తెలుసు, చదువుకున్నదానివి నువ్వు. నువ్వే చెప్పు," అంది.