రెండుసార్లు మెట్లెక్కిన కథానాయకుడు

ఆ ఆదివారం వదిన ఎదుట కూర్చున్న బైండరుకి ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. ఆవిడ మొదటి నవల అచ్చయింది. ప్రతులన్నీ అతని దుకాణంలోనే కుట్టారు. మిగిలిపోయిన ఫారాలు, అంటే పదహారేసి పేజీల మడతలు, ఏరుకుని తనకూ ఒక ప్రతి కుట్టుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. దాన్ని చదివాడు, అదీ వచ్చిన చిక్కు!

నవలలో ఏమీ జరగదు. కథానాయకుడు మెట్లెక్కుతాడు, కిటికీ తెరుస్తాడు, చల్లారిన టీ తాగుతాడు, నిట్టూరుస్తాడు. మళ్లీ మెట్లెక్కుతాడు. మళ్లీ అదే కిటికీ, అదే టీ, అదే నిట్టూర్పు. ఓరి నాయనో, ఇంతకంటే నత్త నయం! ఆధునిక నవలంటే ఇంతేనేమో అనుకుని పళ్లబిగువున పూర్తిచేశాడు.

వదినేమో ముందే చెప్పింది: "అందరూ మొహమాటానికి మెచ్చుకుంటారు. నువ్వు బాగుందంటేనే రెండోది రాస్తా. లేకపోతే ఇంతటితో సరి."

చిన్నప్పుడు తనకి కథలు చెప్పి అన్నం తినిపించిన మనిషాయె. నిజం చెబితే ఆవిడ రాత ఆగిపోతుంది, అబద్ధం చెబితే తన మీద నమ్మకం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఊఁ, చెప్పు మరిదీ," అంది వదిన.

"భాష బాగుంది వదినా. అట్ట కూడా..."

"అట్ట నువ్వు వేసిందేగా! కథ సంగతి చెప్పు."

"కొంచెం నెమ్మది. అతను రెండోసారి మెట్లెక్కినప్పుడు మాత్రం ఇక నా వల్ల కాలేదు."

"రెండోసారేంటి? నేనొక్కసారే ఎక్కించాను!"

అతని చేతిలోని ప్రతి లాక్కుని తిరగేసింది. ఒకే ఫారం రెండుసార్లు పడింది. బైండరు మొహం జేవురించింది.

"అయ్యో వదినా, తప్పు నాదే! ఈ ఒక్కటే ఇలా, మిగతావన్నీ సరిచూసే కుట్టాం."

"పేజీ నంబరైనా చూడలేదా?"

"నిద్రకళ్లకి నంబర్లేం కనిపిస్తాయి?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

వదిన పగలబడి నవ్వింది. "అవే పేజీలు రెండుసార్లు చదివి కూడా నీకు తెలియలేదంటే, తప్పు నీ కుట్టులో లేదు నాయనా, నా కథలో ఉంది!"

"అయితే రెండోది రాయవా?" అతనికి నిజంగానే దుఃఖం వచ్చింది.

"ఎందుకు రాయనూ? ఇంత నిజం చెప్పే పాఠకుడు దొరికాక!"

ఊడదీసి మళ్లీ కుడతానన్నా ఆ పుస్తకం ఇవ్వలేదు. దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకుని, తెల్లకాగితం తీసి, కొత్త నవల మొదటి వాక్యం రాసి చదివి వినిపించింది: "కథానాయకుడు మెట్ల మీంచి దొర్లి పడ్డాడు."