మూడో రేకు

కీచుమని అరుపు, వెంటనే టక్‌మని దెబ్బ. డ్రాయింగు మాస్టారు లేత్ మిషను ఆపేసరికే, గిర్రున తిరుగుతున్న ఉక్కు కడ్డీ దాన్ని చెక్కే టూల్ మీదికెక్కి వంకరపోయింది. పొద్దుట్నుంచి ఇది మూడోది. మిగిలింది ఒక్కటే.

రేపు పదింటికి మోడళ్ళ పోటీ. రెండేళ్ళు ఒళ్ళు వంచి చేసిన బుల్లి ఆవిరి ఇంజనుకి ఇరుసు ఇంకా పడలేదు.

ఆయన కడ్డీ కొన వెలుతురుకి పెట్టి చూశారు. నట్టనడుమ ఆవగింజంత బొడిపె. టూల్ మొన సరిగ్గా కడ్డీ మధ్యకి ఎదురుగా ఉంటే ఆ బొడిపె మిగలదు. మిగిలిందంటే మొన కిందికి దిగిందన్నమాట. ఎలా దిగుతుంది? ఎత్తు సరిపోవడానికి టూల్ కింద పెట్టే మూడు రేకులకీ రబ్బరుబ్యాండు వేసి అగ్గిపెట్టెలో దాస్తారు. తీసిన ప్రతిసారీ లెక్కపెడతారు. ఇవాళా మూడే ఉన్నాయి.

ఎవరో చెయ్యి పెట్టారు. ఆ అనుమానం వచ్చీ రాగానే ఒక మొహం కూడా కళ్ళముందుకొచ్చింది. మంగళవారం బావమరిది వచ్చాడు. కిందటేడు మొదటి బహుమతి వాడిదే. టీ తాగుతూ ఈ గదిలో పావుగంట ఒంటరిగా కూర్చున్నాడు. పోతూ పోతూ "ఈసారి కప్పు నీదే బావా" అన్నాడు. నిరుడు గెలిచినవాడి నోట అంత తీపి ఊరికే రాదు.

వాడికే ఫోన్ చేశారు. "నా లేత్ దగ్గర దొంగ పడ్డాడు. నువ్వు రా. పేరు నీ మొహం మీదే చెప్తాను."

పది నిమిషాల్లో దిగాడు, చేతిలో మందం కొలిచే మైక్రోమీటర్ డబ్బాతో.

"దొంగే కొలతలు కూడా తీస్తాడా?" అన్నారు మాస్టారు.

"అది సరే, స్కేలు పెట్టి చూశావా బావా?"

మాస్టారు రేకులు మూడుంటే చాలనుకుని, ఏడాదిగా స్కేలు పెట్టడమే మానేశారు.

బావమరిది ఆఖరి కడ్డీ బిగించి, దానికీ టూల్ మొనకీ మధ్య సన్నటి స్టీలు స్కేలు నొక్కిపట్టాడు. ఎత్తు సరిపోతే అది నిటారుగా నిలబడాలి. పడక్కుర్చీలా వాలింది. రేకులు లాగి ఒక్కొక్కటే కొలిచాడు. పైదీ కిందదీ సమానం. మధ్యది వాటిలో సగం మందం కూడా లేదు. తిప్పితే వెనక బిస్కెట్ డబ్బా రంగు, అంచున నీలం గీత.

"చూశావా, కనబడకుండా మధ్యలో దూర్చాడు," అన్నారు మాస్టారు. "నేను లెక్క చూస్తాను గానీ మందం చూడనని తెలిసినవాడి పని."

"ఒప్పుకున్నా. మరి ఈ గీతేంటి? మనమైతే రేకు మీద సూదితో గీస్తాం. ఇది సుద్ద బావా. గుడ్డ మీద గీసే సుద్ద."

మాస్టారు చెవులు రిక్కించారు. పక్క గదిలో భార్య ఎవరిదో జాకెట్టు కుడుతోంది. రెండేళ్ళుగా కుంటికాలితో గడగడలాడిన కుట్టుమిషను ఇవాళ చడీచప్పుడు లేకుండా నడుస్తోంది.

వెళ్ళి వంగి చూశారు. మిషను ఎడమకాలి కింద తన రేకు.

"ఆ కాలు చూడమంటే రేపు రేపన్నారు," ఆమె తొక్కడం ఆపలేదు. "ఒక్కటి తగ్గితే ఇల్లు పీకి పందిరేస్తారని బదులు పెట్టాగా. మూడుకి మూడూ ఉన్నాయి."

బావమరిది అట్టముక్క మడిచి మిషను కాలి కింద దూర్చి, రేకు పట్టుకొచ్చాడు. ఈసారి స్కేలు నిటారుగా నిలబడింది. ఆఖరి కడ్డీ కొన అద్దంలా తేలింది. బొడిపె లేదు.

"పేరు నా మొహం మీదే చెప్తానన్నావు," బావమరిది చేతులు కట్టుకున్నాడు. "చెప్పు, వింటాను."

మాస్టారు గుమ్మం వైపు చూసి ఏదో గొణిగారు.

"కాస్త గట్టిగా," పక్క గదిలోంచి వినబడింది.

"మీ అక్కేరా."