అడ్డుతెర పట్టిన పంచెల చాపు

నేను ఒక పంచెల చాపును. ఎర్రంచు, నూరో నంబరు నూలు. గోదావరి పక్కన ఒక నేతపేటలో ముసురు పట్టిన రోజుల్లో పుట్టాను. నన్ను నేసినాయన పని ముగించి, వెలుతురుకేసి ఒక్కసారి పట్టి చూసి, మడతపెట్టాడు. ఆ మడత మళ్ళీ విప్పడానికి ఆరేళ్ళు పట్టింది.

ఈలోపు తొమ్మిది ఇళ్ళు తిరిగాను. కట్టుకోవడానికి కాదు, పెట్టడానికి. మొదట ఒక పెళ్ళిలో మేనమామకు పెట్టారు. ఆయన "చేనేతండీ, ఎంత బాగుందో" అని కళ్ళకద్దుకుని, బీరువా అడుగుకి తోసి, మూడు నెలలకి వియ్యంకుడి గృహప్రవేశంలో ఆయనకు పెట్టాడు. వియ్యంకుడూ కళ్ళకద్దుకున్నాడు. కళ్ళకద్దుకున్నన్నిసార్లు కట్టుకుని ఉంటే ఈపాటికి పీలికలయ్యేదాన్ని.

కొత్త బట్ట పెట్టేముందు మూలకి పసుపు బొట్టు పెడతారు కదా. ప్రతి ఇంటివాళ్ళూ పాత బొట్టు కనబడకుండా సరిగ్గా దానిమీదే కొత్తది పెట్టేవారు. ఆ గురి చూసి ముచ్చటేసేది. తొమ్మిదో ఇంటికి వచ్చేసరికి ఆ మూల అప్పడంలా బిరుసెక్కింది. మధ్యలో ఒకసారి ఆ మేనమామ ఇంటికే తిరిగి చేరాను. "ఈ అంచు ఎక్కడో చూసినట్టుందే" అన్నాడాయన. "నోరు మూసుకుని తీసుకోండి" అంది ఆయన భార్య.

చివరికి ఒక పెళ్ళివారు సన్నాయి విద్వాంసుడు తాతబ్బాయికి నన్ను పెట్టారు. ఆయన భార్య వీరవేణి నన్ను రేకుపెట్టెలో దాచింది.

తాతబ్బాయి నలభై ఏళ్ళుగా సన్నాయి ఊదుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఎవరి పెళ్ళి ఆల్బం తెరిచినా ఆయన ఉంటాడు. ఉంటాడంటే, ఒక మోచెయ్యి ఉంటుంది. లేదంటే సన్నాయి కొస. ఎప్పుడైనా పొరపాటున మొహం పడితే బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉంటాయి. అందుకని ఆయన బస్టాండులో మామూలు బుగ్గలతో నిలబడితే, నిన్న పెళ్ళి చేసినవాళ్ళు కూడా గుర్తుపట్టరు.

ఆయనకి ఆ సంగతి పట్టదనుకునేవారు అందరూ. నాకు తెలుసు, పట్టింది. పోయినేడు పక్కూళ్ళో సన్మానం చేస్తూ, ఆహ్వాన పత్రికలో ఆయన పేరుకి పైన డోలు కొట్టే బావమరిది ఫోటో వేశారు. తాతబ్బాయి ఆ పత్రిక తెచ్చి పెట్టెలో నా కింద పెట్టాడు. అప్పుడప్పుడు తీసి చూసేవాడు. మళ్ళీ నా కిందే పెట్టేవాడు.

ఈసారి టౌన్లో కళాసమితివాళ్ళు సన్మానానికి పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి పత్రిక అచ్చుకి వెళ్తుంది. ఆలోపు ఫోటో అందకపోతే ఆయన మొహం బదులు సన్నాయి బొమ్మ వేసేస్తామన్నారు.

ఆదివారం పొద్దున గవర్రాజు వచ్చాడు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసేవాడు, తాతబ్బాయికి వరసకి కొడుకు. కెమెరా, స్టాండు, ఒక్కటంటే ఒక్క లైటు తెచ్చుకున్నాడు. ప్లగ్గులో పెట్టగానే ఆ లైటు టప్పున పోయింది.

"స్టూడియోకి పోదాం పద, బాబాయ్."

"నీ స్టూడియోలో ఆ జలపాతం బొమ్మ ముందు నేను కూర్చోనురా. పోయినేడు అక్కడే మా బావమరిదిని కూర్చోబెట్టావ్. ఇన్నేళ్ళనించీ నా మోచెయ్యే తీశావు కదా, ఇవాళ మిగతాది తియ్యి."

గవర్రాజు లైటు పక్కకి నెట్టాడు. తూర్పు కిటికీ పక్కన ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టాడు. కిటికీ వైపు బుగ్గ బ్రహ్మాండంగా ఉంది. రెండో బుగ్గ కొట్టుగదిలా చీకటి.

"పిన్నీ, పెద్ద తెల్లగుడ్డ ఏదన్నా ఉందా? నువ్వు ఇటు నిలబడి పట్టుకుంటే, కిటికీ వెలుతురు దానిమీద పడి చీకటి బుగ్గకి తగులుతుంది. తొందరగా. ఇంకో గంటకి ఈ వెలుతురు ఉండదు."

ఇంట్లో దుప్పట్లన్నీ పూలవే. వీరవేణి పెట్టె తెరిచి నన్ను తీసింది. "ఇది మా చెల్లెలి గృహప్రవేశానికి పెడదామని దాచానే" అంటూ ఆగింది. నన్ను తీసిన చోట ఆ పాత పత్రిక కనబడింది. దానిమీద బావమరిది మొహం నవ్వుతోంది. వీరవేణి పెట్టె మూత ధడాలున మూసింది. ఒక్క విదిలింపుతో నా మడత విప్పేసింది.

రెండు చేతులతో నన్ను ఎత్తి పట్టింది. పైన గాజులు, కింద కాలివేళ్ళు, అంతే కనబడుతోంది ఆవిడ. కిటికీ వెలుతురు నామీద పడి, ఆయన రెండో బుగ్గమీద వాలింది.

"అదీ! బాబాయ్, సన్నాయి అలా చేతిలో ఉంచుకో. పిన్నీ, మరీ ఎత్తావు. మెల్లిగా దించు."

వీరవేణి నన్ను దించింది. గట్టిమేళం మోగింది.

పాపం, ఆయన తప్పు కాదు. పెళ్ళిపీటల మీద వధూవరుల మధ్య తెల్లటి అడ్డుతెర పట్టుకుంటారు. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టి తెర దించుతారు. దించిన ఆ క్షణమే మేళం అందుకోవాలి. నలభై ఏళ్ళలో తాతబ్బాయి ఎన్ని తెరలకి ఊదాడో! తెల్లగుడ్డ దిగిందంటే ఊపిరి దానంతటదే బయల్దేరుతుంది.

"బాబాయ్! బుగ్గలు!"

"పొరపాటురా. మళ్ళీ కానివ్వు."

మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించింది. మళ్ళీ మోగింది. మూడోసారికి సన్నాయి పీక తీసి జేబులో వేసుకున్నాడు. మోత రాలేదు గానీ, బుగ్గలు మాత్రం నిండుగా ఉబ్బాయి.

అంతలో మేళం విని పక్కింటి సుబ్బాయమ్మ గుప్పెట్లో అక్షింతలతో పరుగెత్తుకొచ్చింది. తెరా, తెరకి ఇటు వీరవేణీ, అటు తాతబ్బాయీ కనబడేసరికి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏవమ్మా, షష్టిపూర్తికి పక్కింటిదాన్ని కూడా పిలవరా?"

"షష్టిపూర్తి కాదండీ, ఫోటో! తెర దించితే చాలు, ఈయనకి ఊదడం తప్ప ఏం తెలీదు. మా పెళ్ళిలోనూ ఇంతే. తెర దించితే నా మొహం చూడాలా? డోలు వైపు చూశాడు!"

"తాళం తప్పాడే వాడు" అన్నాడు తాతబ్బాయి.

"చూశారా? ఇప్పటికీ అదే మాట!"

గవర్రాజు గడియారం చూశాడు. ఎండ కిటికీ చువ్వల దాకా జరిగిపోయింది. "పిన్నీ, ఇంకొక్కసారే. తర్వాత సన్నాయి బొమ్మే."

వీరవేణి విసురుగా వచ్చి ఆయన చేతిలో సన్నాయి లాక్కుని సుబ్బాయమ్మకిచ్చింది. తిరిగి వెళ్ళి నన్ను ఎత్తింది.

దించింది.

ఆయన చేతులు లేచాయి, ఖాళీగా ఉన్నాయి. చూద్దామంటే డోలు లేదు. చూపుకి ఇంకెక్కడా చోటు లేక వీరవేణి మొహంమీద ఆగింది. బుగ్గలు ఉబ్బలేదు. ముహూర్తం దాటిపోతుందనుకుందేమో, సుబ్బాయమ్మ అక్షింతలు విసిరేసింది. అదే క్షణంలో గవర్రాజు నొక్కాడు.

"ఏంటలా చూస్తారు?" అంది వీరవేణి.

"ముక్కుపుడక బాగుంది. ఎప్పుడు కొన్నావ్?"

"పెళ్ళికి పెట్టారు!"

పత్రిక అచ్చయింది. పేరు మీద ఆయనే ఉన్నాడు, జుట్టులో ఒక బియ్యపుగింజతో. నాలుగు రోజులకి బస్టాండులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి "మీరు తాతబ్బాయి గారు కదూ" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట వీరవేణికి రెండుసార్లు చెప్పాడు. రెండోసారి, మొదటిసారి చెప్పనట్టే చెప్పాడు.

ఇక నా సంగతి. పసుపు తడి ఆరని అక్షింతలు నా నడిమధ్యన పడ్డాయి. అరచేయంత మరక. దానిమీద బొట్టు పెట్టి దాచడం ఎవరివల్లా కాదు. నన్నింక ఎవరికీ పెట్టలేరు. వీరవేణి ఉతికి ఆరేసి, మరక కుచ్చిళ్ళలోకి వెళ్ళేట్టు మడిచి ఇచ్చింది. తాతబ్బాయి నన్ను కట్టుకుని సన్మానానికి వెళ్ళాడు. వేదిక ఎక్కుతుంటే గాలి కొట్టింది. ఇన్నేళ్ళూ గాలంటే బీరువా తలుపు సందులోంచి వచ్చేదే అనుకున్నాను.

ఆ సన్మానంలో ఆయనకి ఇంకో పంచెల చాపు పెట్టారు. ఇప్పుడది పెట్టెలో నా పక్కనే ఉంది. కత్తిలాంటి మడత. మూలన బొట్టు కాస్త మందంగానే ఉంది.

"నీ మడత ఏమైపోయింది?" అని జాలిగా అడిగింది.

"నన్ను కట్టుకున్నారు" అన్నాను.