పట్టని తాడు

ప్రభాకర్ బోటు జెట్టీకి వస్తోందని తెలియడానికి గంగరాజు తలెత్తి చూడనక్కర్లేదు. ఆ రొద చెవిన పడితే చాలు, ఒళ్లు మండిపోయేది.

బోటు ముక్కు దగ్గర, నీళ్ల కింద, అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. అందులో రొద పెట్టే బుల్లి ఫ్యాను. దాన్ని త్రస్టర్ అంటారు. ఒక బటన్ నొక్కితే ముక్కు ఇటు జరుగుతుంది, ఇంకోటి నొక్కితే అటు. ఇన్నేళ్లూ ఆ పని చేసింది గంగరాజు. గిలకలదిండిలో బావ ప్రభాకర్ చుక్కాని పడితే, తను ముందు నిలబడి వెదురు గెడతో పడవను తోసేవాడు, ఆపేవాడు, ఒడ్డుకి తాడు విసిరేవాడు. ప్రభాకర్ ఆ వేట పడవ అమ్మేసి దివిసీమలో ఒక రిసార్టు బోటుకి డ్రైవర్‌గా చేరాడు. నన్నూ తీసుకెళ్లు బావా అని అడిగితే, అందరూ వింటుండగా నవ్వి, "నీ పనికి బటన్ ఉందిరా" అన్నాడు.

అంతే. చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు అయ్యారు. పాస్టరుగారు కలపబోయి చేతులెత్తేశారు. గంగరాజు పంతం పట్టి, బావ బోటు ఆగే జెట్టీ మీదే, వచ్చే బోట్ల తాళ్లు అందుకుని కట్టే పనిలో చేరాడు. ఇంకెక్కడా పని దొరకనట్టు! అక్క సరోజిని మొగుడి బోటులోనే టీలూ టిఫిన్లూ అందించేది. ఇద్దరి గొడవా తనకి పట్టనట్టే రోజూ బోటు దిగుతూ తమ్ముడి చేతిలో టిఫిన్ గిన్నె పెట్టేది.

జెట్టీ మీద ఒక పద్ధతి ఉంది. పడవలోంచి తాడు విసిరితే ఒడ్డున ఉన్నవాడు పట్టాల్సిందే. విసిరినవాడు పగవాడా, పరాయివాడా అని చూడకూడదు. వేటకెళ్లే ఊళ్లో పుట్టినవాడికి ఇది ఒకరు నేర్పే సంగతి కాదు. ప్రభాకర్ మాత్రం తాడు విసిరేవాడే కాదు. బటన్‌తో బోటుని జెట్టీకి ఆనించి, తనే దిగి, గంగరాజు పక్కనుంచే నడిచి గుంజకి కట్టుకునేవాడు. విసిరే రోజు రాకపోతుందా, అప్పుడు చూస్తా అని గంగరాజు కాచుకుని ఉన్నాడు.

ఆ రోజు వచ్చింది. సముద్రపు గాలి ఈడ్చి కొడుతోంది, నది పోటు మీదుంది. జెట్టీ నిండా బోట్లు, మధ్యలో ఒక్క ఖాళీ. బుద్ధున్నవాడైతే వెనక్కెళ్లి, గాలికి ఎదురుగా తిప్పుకుని మళ్లీ వస్తాడు. ప్రభాకర్‌కి ఆ మాత్రం తెలియక కాదు. గంగరాజు చూస్తుండగా వెనక్కెళ్లడమా? బటన్ మీంచి వేలు తియ్యలేదు. త్రస్టర్‌ని కాస్త కాస్తగా వాడాలి, అదే పనిగా నొక్కితే వేడెక్కి ఆగిపోతుంది.

ఆగిపోయింది. రొద లేకపోయేసరికి గంగరాజు గుండె గంతులేసింది. బోటు ముక్కు గాలికి కొట్టుకుని జెట్టీ ఇనప దూలం మీదికి వస్తోంది.

అడుగు బావా, అనుకున్నాడు. ఒక్కసారి నోరు తెరిచి అడుగు.

ప్రభాకర్ పళ్లు బిగించి నిలబడ్డాడు. చూసి చూసి సరోజిని టీ ఫ్లాస్కు కింద పెట్టి, ముందుకి పరిగెత్తి, తాడు తీసి విసిరింది.

"తమ్ముడూ, పట్టు."

తాడు సరిగ్గా మీదికే వచ్చింది. గంగరాజు అక్కని చూశాడు, ఆమె వెనక ఉన్న ప్రభాకర్‌ని చూశాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తాడు గుండెలకి తగిలి నీళ్లలోకి జారింది.

ప్రభాకర్ మళ్లీ బటన్ నొక్కాడు. ఫ్యాను కదిలింది, నీళ్లలోని తాడుని లోపలికి లాక్కుని బిగుసుకుపోయింది. ఇక ఆపేదేమీ లేదు. బోటుకీ దూలానికీ మధ్య, గెడ ఉండాల్సిన చోట సరోజిని తన చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ కేకకి టీ కొట్టు కాంతారావు పరిగెత్తుకొచ్చి ఆమెని దించాడు. నాలుగు వేళ్లు నలిగిపోయాయి. ప్రభాకర్ దూకి వచ్చి గంగరాజు కాలర్ పట్టుకున్నాడు. నీ బటన్‌ని అడుక్కోరా అని గంగరాజు అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు విడదీశారు. అవనిగడ్డ ఆస్పత్రికి ఆటో వచ్చింది. ఎక్కించబోయిన మొగుడితో, మీరు మీ బటన్ దగ్గరే ఉండండి అంది సరోజిని. గంగరాజు చెయ్యందిస్తే అందుకోలేదు.

"ఆ తాడు మీ బావ విసర్లేదురా. నేను విసిరాను."

అని కాంతారావు భుజం పట్టుకుని ఆటో ఎక్కింది.

గంగరాజుకి ఆ రాత్రి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, బావ మీద కోపం ఇంకా తగ్గనందుకు భయమేసింది.

తెల్లారి మొదటి బోటు రత్తయ్యది. అతను బోటు ముందు నిలబడి తాడు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. గంగరాజు ఎప్పటిలాగే రెండు చేతులూ చాచాడు. రత్తయ్య అతన్ని చూశాడు. తాడు విసరకుండా, టీ కొట్టు వైపు తిరిగి కాంతారావుని పిలిచాడు. కాంతారావు గ్లాసులు కడుగుతున్న తడి చేతులతోనే వచ్చి, చేతకాక చేతకాక తాడు అందుకున్నాడు.

గంగరాజు చేతులు ఇంకా చాచే ఉన్నాయి.