సరస్సుకు మందు కొట్టిన ఏడాది

రూడీ కొళాయి తిప్పి, నీళ్లు చేతికి చల్లగా తగిలేదాకా వదిలేశాడు. తర్వాత రబ్బరు తొడుగులు వేసుకుని, సీసా మూతి దేనికీ తగలకుండా నింపి, మంచు పెట్టెలో పెట్టాడు. ఇంటాయన గుమ్మంలోంచే అడిగాడు, "బాగున్నట్టేనా మా నీళ్లు?"

"నాకేం తెలుసండీ, నేను పరీక్షకి పట్టుకెళ్లేవాణ్ణి."

వేసవంతా ఇంటింటా అదే మాట అంటున్నాడు.

సరస్సులో కలుపు పెరిగి పడవలు కదలడం లేదని వసంతంలో మందు కొట్టారు. అది ఒడ్డునున్న బావుల్లోకి దిగిందేమో చూడాలన్నారు, దానికో మనిషి కావాలన్నారు. రాగి గని మూతపడ్డాక రూడీ చేయని పని లేదు. రోడ్లమీద మంచు ఎత్తాడు, బడి బస్సు నడిపాడు. భార్య జాయిస్ ఇల్లొదిలి వెళ్లిపోయిన రోజు కూడా బస్సు వేళకే తీశాడు. అతని గురించి ఊళ్లో మంచీ చెప్పుకోరు, చెడ్డా చెప్పుకోరు.

చివరి ఇల్లు లెంపి అవ్వది. ఎనభై దాటిన మనిషి, నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. ఆ ఒడ్డున, ఫిన్లాండ్ నుంచి వలసొచ్చిన ఫిన్నుల ఇంటికెళ్లి కాఫీ తాగకుండా లేస్తే మొహం మీద కొట్టినట్టే. ఫిన్నుల బిడ్డే కనక రూడీకి అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా మందు కొట్టినప్పటినుంచి తన కాఫీ ఫ్లాస్కులో తెచ్చుకుంటున్నాడు, అక్కడ గుక్క ముట్టలేదు.

"ఒరేయ్, నువ్వు కడుపులో ఉండగా మీ అమ్మ తాగింది నా కాఫీయే. నీకిప్పుడు ఫ్లాస్కు కావాల్సొచ్చిందా?" అనేది అవ్వ, వెళ్లినప్పుడల్లా.

"డ్యూటీలో తాగకూడదవ్వా, రూలు."

"రూలా, భయమా?"

అలాంటి రూలు లేదు. భయమే. అవ్వ కప్పు గిన్నెలు కడిగే తొట్టిలో ఒంపేసేది. పోయినసారి మాత్రం, "వచ్చేసారీ తాగకపోతే నా గడప తొక్కకు" అంది. భయం పోలేదు గానీ, ఆ మాట పడలేక రూడీ ఇవాళ ఫ్లాస్కు తేలేదు. ఏమైతే అదవుతుంది, తాగేద్దామనుకున్నాడు.

తలుపు తీసింది పక్కింటి డార్లీన్.

"ఆదివారం పోయిందయ్యా. శనివారం ఆవిరి గదిలో స్నానం చేసి పడుకుంది, మరి లేవలేదు. గుండె అన్నారు."

రూడీ టోపీ తీశాడు. "నీళ్లు పట్టుకోవచ్చా?" అన్నాడు. అన్నాక సిగ్గేసింది.

"పట్టుకో. బావేం పోలేదుగా."

ఎప్పటిలాగే పట్టాడు. సీసా మీద ఇంటివాళ్ల పేరు దగ్గర లెంపి కల్లియో అనే రాశాడు. చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ కోసం తొట్టి కింది అలమర తలుపు తీస్తే, కొట్టులో కొన్న నీళ్ల డబ్బాలు కనబడ్డాయి.

"అవ్వ కూడా ఇవే తాగిందా?"

"ఆవిడా? చచ్చేదాకా మొగుడు తవ్విన బావి నీళ్లే. అవి నీకు." డార్లీన్ అతని వైపు చూడలేదు. "వాడు మా నీళ్లకి జంకుతున్నాడే, వాడి కాఫీ వీటితో కాచాలి అనేది. చెప్పెయ్యరాదా అంటే, వాడి మొహం చిన్నబోతుంది, వాడంతట వాడే తాగాలి అంది."

రూడీకి ఏడుపు రాలేదు. వంగి డబ్బాలు బయటికి లాగాడు.

డబ్బాలు రెండున్నాయి. ఒకటి అడుగంటింది. రెండోదానికి మూత సీలు ఇంకా ఊడలేదు.