దూరానికి పూసిన ఎరుపు

అది డెబ్భై నాలుగో సంవత్సరం, ఎండాకాలం. పాల డిపోలో తమ్ముడిది పాలలో కలిపిన నీళ్ళు పట్టుకునే ఉద్యోగం. పొద్దున్నే వెళ్ళి క్యాన్లలో గాజుగొట్టం ముంచి, అది ఎంత మునిగిందో చూసి, నీళ్ళు కలిశాయని తేలితే పాలు తెచ్చినవాడి కళ్ళముందే కాలవలో పారబోయించేవాడు. తనింటికి ఊరికే పోసేవాడి క్యాన్‌లో మాత్రం గొట్టం ముంచేవాడు కాదు. అందుకే వాళ్ళింట్లో పాలు కుడితినీళ్ళలా ఉండేవి. ఆ నీళ్ళే తాగి, మీసం తుడుచుకుని, లోకంలో నిజాయితీ చచ్చిపోయిందని అనేవాడు.

ఇంట్లో ఉన్నవి రెండే గదులు. లోపలిగది అక్కకు తండ్రి రాసిచ్చింది. ఆమె అందులో మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టి బతికేది. పై అధికారులు వస్తే కూర్చోబెట్టడానికి ఆ గది కావాలని తమ్ముడికి ఆశ. వానలు పడేదాకా సర్దుకోమన్నాడు. ఏ ఏటి వానలో చెప్పలేదు.

నాటకాల తెరలు గీసే పెయింటర్‌ని పిలిపించి, ముందుగది గోడ మీద అక్కకొక గది వేయించాడు. ఆ వీధిలో ఇంటికో బొమ్మగది ఉంది. చోటు చాలనివాళ్ళు ఇంకేం చేస్తారు? పెయింటర్ గోడ మధ్యలో మేకు కొట్టి, సుద్ద పూసిన దారం కట్టి, నేల గీతలూ కప్పు గీతలూ అన్నీ ఆ మేకు దగ్గరికే లాగాడు. ముందు పెద్ద స్తంభం, దాని చాటున సగం దాగిన చిన్న స్తంభం. చిట్టచివర కిటికీ ఉన్న గోడకు పలచటి నీలం పూసి, మేకు పీకేశాడు.

రంగు ఆరాక అక్క మిషన్ మోసుకుని ఆ బొమ్మగదిలోకి నడిచింది. కిటికీ చేరేసరికి బొటనవేలంత అయింది. మిషన్ చప్పుడు దోమ పాటలా వినిపించేది. అన్నానికి పిలిస్తే అడుగడుక్కీ పెరుగుతూ వచ్చేది.

ఒకరోజు అధికారి వచ్చి, టీ తాగి వెళ్తూ ముందుగది గోడవైపు చూశాడు.

"ఏమయ్యా, ఆ చివర రంగు వెలిసినట్టుంది. నీ ఇంట్లోనే నీళ్ళు కలిపారా?"

తమ్ముడి పరువు అక్కడికక్కడే పోయింది. ఉన్న పరువెంతో అంతా పోయింది. వెళ్ళి పెయింటర్‌ని నిలదీశాడు. దూరం అంటేనే పలచదనమనీ, అక్కడ చిక్కగా పూస్తే ఆ గోడ ముందుకు నడిచొస్తుందనీ పెయింటర్ చెప్పాడు.

"నీళ్ళ సంగతి నాకు నేర్పుతున్నావా?" అన్నాడు తమ్ముడు.

ఆదివారం మధ్యాహ్నం ఎర్రరంగు డబ్బా తెచ్చుకుని తనే బొమ్మగదిలోకి వెళ్ళాడు. అక్క అప్పుడు వాడికే అన్నం వడ్డిస్తోంది. పిలుద్దామని గోడ దగ్గరికొస్తే, కిటికీ గోడ సగం ఎర్రగా ఉంది. మిషన్ పక్కనే నిలబడి వాడు కుంచె ఆడిస్తున్నాడు.

"ఒరేయ్, గోడ కదులుతోంది. ఆ డబ్బా అక్కడే పారేసి రా."

బొటనవేలంత మనిషి నడుం మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"సూదిలో దారం ఎక్కించుకునేదానివి, నీకేం తెలుసు? నోరు మూసుకుని కూర అందుకో," అన్నాడు దోమ గొంతుతో. అని, కుంచె మళ్ళీ ముంచాడు.

ఎరుపు ఆరేసరికి ఆ గోడ నడిచొచ్చి ఈ గోడకు అతుక్కుంది. అక్క చెయ్యి చాపింది. చేతికి సున్నం తగిలింది. వాడు గోడ మీద బొమ్మగా, కుంచె ఎత్తి పట్టుకుని, నోరు తెరుచుకుని, తడిగుడ్డతో తుడవడానికి వీలుగా ఉన్నాడు. తమ్ముడి పెళ్ళాం వచ్చి చూసి, అయితే అన్నం మూత పెట్టనా వదినా అని అడిగింది.

మరోసారి వచ్చినప్పుడు అధికారి ఆ గోడ చూసి, ఇప్పుడు చిక్కగా ఉందని మెచ్చుకున్నాడు.

అక్క తన గదికి తిరిగి వెళ్ళింది. మిషన్ గోడలోనే ఉండిపోయింది. చేతిసూదితో కుట్టీ కుట్టీ నాలుగేళ్ళకు ఆమె కుడికన్ను చూపు పోయింది.