మొదటి ధార

మా ఆడపడుచును మేమిద్దరం పనిచేసే లాండ్రీలో అందరూ నురగమ్మ అంటారు. హోటళ్ల దుప్పట్లు ఉతకడానికి యంత్రాలున్నా ఆమెకు వాటి మీద నమ్మకం లేదు. ప్రతి మరకనూ ముందు చేత్తో రుద్దాకే లోపలికి తోస్తుంది. వాళ్లమ్మ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. అయినా క్లినిక్‌లో ఆ పరీక్ష మాటెత్తితే చాలు, "ఆ బల్లెక్కి పడుకోమంటావా? చస్తే ఎక్కను" అని నా నోరు మూయించేది.

అందుకే లాండ్రీకి నర్సు వచ్చి, బల్ల అక్కర్లేదు, ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ మూత్రంలోనే తెలిసిపోతుంది అన్నప్పుడు అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను, ఇద్దరి తరఫునా.

"ముందు కడుక్కోకండి. ఈ డబ్బాలో మొదటి ధారే పట్టండి. దారిలో ఉన్న కణాలను తెచ్చేది అదే" అని నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పింది. వదిన తలూపింది. తలూపడంలో ఆమెకు సాటి లేదు.

కొన్నాళ్లకు నర్సు మళ్లీ వచ్చి, ఆమెను దుప్పట్లు మడతపెట్టే గదిలోకి పిలిచింది. నేనూ వెంట వెళ్లాను.

"అమ్మా, మీది తేలలేదు. డబ్బాలో కణాలే చాల్లేదు. ఎలా పట్టారు?"

"ఎలా పడతారు? సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, మొదటిది వదిలేసి, తేటగా ఉన్నది పట్టాను. ఒకరి చేతికిచ్చేది కదా!"

"కడుక్కోవద్దన్నానుగా!"

"మర్యాదకన్నావనుకున్నాను."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "వదినా, ఆ డబ్బాలో నువ్వు తప్ప అన్నీ ఉన్నాయట."

నర్సు కొత్త డబ్బా చాపింది. వదిన దాన్ని బతికున్న బొద్దింకను చూసినట్టు చూసింది.

"కడుక్కోకుండానా? పైన నా పేరు రాసి మరీనా? రేపు వీధిలో ఎదురుపడితే నీ మొహం ఎలా చూడను తల్లీ?"

"మీ అమ్మ పక్కబట్టలు చివరిదాకా ఉతికింది నువ్వేగా" అన్నాను.

వదిన మడతపెట్టి ఉన్న దుప్పటిని విప్పి మళ్లీ మడతపెట్టింది.

"బల్ల మీదికైతే కడుక్కుని రావచ్చా?"

"పైపైన ఎంతైనా కడుక్కోండి" అంది నర్సు.

"అయితే బల్లే నయం."

ఆడవాళ్లకు సిగ్గు తప్పించాలని ఎవరో పెద్ద చదువులవాళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుని ఈ డబ్బా పద్ధతి కనిపెట్టారు. వాళ్ల పుణ్యమా అని మర్నాడే మా వదిన క్లినిక్‌లో నర్సు వెంట తెర వెనక్కి వెళ్లింది. నేను బయట కూర్చున్నాను.

బల్ల కిర్రుమంది. వెంటనే ఆమె గొంతు వినిపించింది.

"ఏమ్మా, ముందు నువ్వు చేతులు కడుక్కున్నావా?"

కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది.